కొయ్యబల్లలో గణనయంత్రము

పూర్వము గోదావరి డెల్టాలోని ధాన్యపు మరలలో పెక్కు ఆయిలు ఇంజనులతో నడచుచుండెడివి. ఇంజను గది వెలుపల ఒక పెద్ద నీటి తొట్టి యుండెడిది. సిలిండరు చుట్టును గుల్లగా నుండు గోడలోనికి తొట్టి అడుగునుండి చన్నీరు ప్రవేశించి, అచట వేడెక్కి, తేలికయై పైకి లేచి, మరల తొట్టి పైభాగమున పడుచుండెడిది. ఈ ప్రవాహమునకు పంపుతో పని లేదు. వేడినీరు చన్నీటికంటె తేలిక యగుట యొక్కటియే దానిని నడిపించుచుండెను. మర ఆడుచున్నంతసేపు తొట్టిలోని నీరు పొగలు గ్రక్కుచుండెడిది. ఆ నీరు ఇంకిపోయినచో ఇంజను బిగిసి నిలిచిపోవుట ఖాయము.

ఇంజనులో నూనె మండును గనుక అందు వేడి పుట్టుట వింత కాదు. కాని ఏ చక్రమును త్రిప్పక, ఏ బరువును మోయక, ఒక మూల కూర్చుండి లెక్కలు మాత్రము చేయు యంత్రమునకు నీటితో పని యేమి? నేడు ఉత్సాహవంతులైన యువకులు కొందరు టేకు కొయ్యతో వ్రాతబల్ల చేయించి, సొరుగులుండవలసిన చోట కంప్యూటరు నిమిడ్చి, దాని వేడి భాగములపై రాగి దిమ్మెల నమర్చి, వానిగుండ సన్నని గొట్టములతో నీరు పారించుచున్నారు. బల్లపై అద్దపు పలక యుండుటచే ఆ గొట్టములన్నియు చూపరులకు కనబడుచుండును. ఇది వట్టి విలాసమని పెద్దలు కొందరు తీసివేయుదురు. విలాసము కొంత కలదు, కాదనను. అయినను కొయ్యబల్ల, గణనయంత్రము, నీరు అను ఈ మూడును కలియుచు, విడిపోవుచు వచ్చిన చరిత్ర నూట ముప్పది యేండ్లకు పైబడినది. ఆ చరిత్రను నడిపించినది వేడి. యంత్రమున వేడి తక్కువైన కాలమున అది బల్లలో ఇమిడినది. వేడి హెచ్చిన కాలమున బల్లను విడిచి ఇనుప బీరువాలలోనికి, పెద్ద మందిరములలోనికి పోయినది. అచటను వేడి భరింపరానిదైనపుడు నీటిని పిలిచినది.

మొదటి బల్ల 1890 నాటిది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పదేండ్ల కొకసారి జనాభా లెక్కలు తీయుదురు. 1880 నాటి వివరములను చేతితో కూడి తేల్చుటకు ఏడెనిమిదేండ్లు పట్టెను. ఇట్లయినచో ఒక లెక్క ముగియక ముందే మరియొకటి నెత్తిమీదికి వచ్చునని అధికారులు భయపడిరి. అప్పుడు హెర్మన్ హోలెరిత్ అను ఇంజనీరు ఒక యంత్రమును సిద్ధపరచెను. చూచుట కది కచేరీలో గుమాస్తా కూర్చుండు కొయ్యబల్లయే. బల్ల వెనుక నిలువుగా నిలిపిన పలకపై గడియారపు ముఖముల వంటివి నలుబది యుండెను. ఒక్కొక్క మనిషి వయస్సు, వృత్తి, పుట్టుక మొదలగు వివరములను అట్టముక్కపై రంధ్రములుగా పొడిచెడివారు. గుమాస్తా ఆ ముక్కను బల్లమీది అచ్చులో నుంచి పిడి నొక్కును. పైనుండి దిగు సూదులలో రంధ్రముల కెదురైనవి మాత్రము క్రిందికి పోయి చిన్న గిన్నెలలోని పాదరసమును తాకును. అంతట విద్యుద్వలయము పూర్తియై, ఆ వివరమునకు చెందిన ముల్లు ఒక గీత ముందునకు జరుగును. ఆరు కోట్ల ఇరువది లక్షలకు మించిన జనాభాను ఇట్టి బల్లలమీదనే లెక్కించిరి.

ఈ యంత్రమునకు కొయ్య ఎట్లు సరిపోయెను? సూది పాదరసమును తాకిన క్షణమున మాత్రమే అందు విద్యుత్తు పారును. తక్కిన కాలమంతయు అది చల్లగా నిద్రించుచుండును. వేడి పుట్టుటకు అవకాశమే స్వల్పము. వడ్రంగి పనికిని విద్యుత్తునకును ఇంతటి పొత్తు మరల అరువది యేండ్లకు పైగా కుదురలేదు.

పొత్తు చెడగొట్టినది రేడియో వాల్వు. గాజు బుడ్డిలో సన్నని తీగ ఎఱ్ఱగా కాలినగాని అందునుండి ఎలక్ట్రానులు వెలువడవు. అనగా వాల్వు పని చేయవలెనన్న ముందు అది కాలవలెను. లెక్క చేసినను చేయకున్నను, యంత్రము మేలుకొని యున్నంతసేపు వేడి పుట్టుచునే యుండును. ఇండ్లలోని పాతకాలపు రేడియోలో నాలుగైదు వాల్వులుండెడివి. కొయ్యపెట్టె వెనుక అట్టకు రంధ్రములు తొలిచిన చాలును, ఆ వేడి బయటకు పోయెడిది. 1946లో అమెరికాలో ప్రదర్శించిన ఎనియాక్ అను గణనయంత్రమున సుమారు 18,000 వాల్వులు కలవు. దాని బరువు 30 టన్నులు. అది త్రాగు విద్యుత్తు 1,50,000 వాట్లు. ఒక్కొక్కటి వేయి వాట్ల విద్యుత్ పొయ్యిలు నూట యేబదింటిని ఒక గదిలో పెట్టి, తలుపులు మూసినచో ఎట్లుండునో ఊహింపుడు. పెద్ద పంకాలతో గాలిని తోలుచు ఆ యంత్రమును నిలుపుకొనిరి. అట్టిదానికి కొయ్యపెట్టె కట్టుట పొయ్యికి గడ్డిచాప చుట్టుట వంటిది.

వాల్వుల కాలమున మన దేశమును ఇదే కష్టమును అనుభవించెను. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు 1960లో పూర్తిచేసిన గణనయంత్రమున 2,700 వాల్వులుండెను. దానికి 1962లో టిఫ్రాక్ అని పేరు పెట్టిరి. పొడవైన ఉక్కు బీరువాలో దాని నిలిపి, రెండు వైపుల ఉక్కు తలుపు లమర్చిరి. కొయ్యకు అందు చోటు లేదు.

కొయ్యను ఎందుకు బహిష్కరించిరో అంకెలలో చూతము. ఒక పదార్థము తనగుండ వేడిని ఎంత సులభముగా పోనిచ్చునో తెలుపు కొలత నొకదానిని భౌతికశాస్త్రమున వాడుదురు. మీటరు, డిగ్రీలలో లెక్కించినపుడు రాగికి ఆ విలువ సుమారు 400 వాట్లు, అల్యూమినియమునకు 200కు పైన. టేకు కొయ్యకు ఒక వాటులో ఆరవ వంతు మాత్రమే. అనగా రాగికంటె టేకు రెండువేల రెట్లకు మించి వేడిని అడ్డగించును. గరిటెకు కొయ్యపిడి వేయుట ఈ గుణమును నమ్మియే. వంటయింటిలో మేలు చేసిన గుణమే గణనయంత్రపు పెట్టెలో కీడగుచున్నది. ఇనుప పెట్టెకు గోడలే కొంత వేడిని గదిలోనికి విడుచును. కొయ్యపెట్టె గోడలు ఏమియు విడువవు. లోపలి వేడి బయటపడవలెనన్న గాలియో నీరో మోయవలసినదే.

అయినను బల్లమీది మమకారము చావలేదు. 1945లో వానెవర్ బుష్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసమున మెమెక్సు అను ఊహాయంత్రమును వర్ణించెను. అది వ్రాతబల్ల రూపమున నుండును. లోపల సూక్ష్మచిత్రములుగా గ్రంథరాశి, పైన చదువుటకు వెలుగు తెరలు, మీటలు. మనిషి తన జ్ఞాపకశక్తికి తోడుగా దానిముందు కూర్చుండి పని చేసికొనునని ఆయన భావన. ఆ బల్లను ఎవరును కట్టలేదు. పదునొకండేండ్ల తరువాత, 1956లో, నిజముగా బల్లంత పరిమాణము గల గణనయంత్రము వచ్చెను. దాని పేరు ఎల్.జి.పి.-30. అందలి వాల్వులు 113 మాత్రమే! ఎనియాక్‌లో 18,000 ఉండగా దీనికి 113 ఎట్లు చాలెను? అంకెలను వాల్వులలో దాచుటకు బదులు, గిరగిర తిరుగు అయస్కాంతపు పీపాపై దాచిరి. కావలసిన అంకె పీపాతోపాటు తిరిగి ముందుకు వచ్చువరకు యంత్రము వేచియుండవలెను. అందుచే వేగము తగ్గెను. కాని విద్యుత్తు 1,500 వాట్లకు దిగెను. ఇది గొప్ప బేరమని నా అభిప్రాయము. వేగమును కొంత వదులుకొని చల్లదనమును కొనిరి. గణనయంత్రముల చరిత్రలో ఇట్టి బేరము మరల మరల కనబడును.

ఇచట గోదావరి డెల్టా ముద్దుబిడ్డ ఒకరిని తలచుకొనవలెను. భీమవరమునకు చేరువనున్న మోగల్లు గ్రామము ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోనిది. 1914లో అచట జన్మించిన అయ్యగారి సాంబశివరావు గారిని లోకము ఎ.ఎస్.రావుగా ఎరుగును. ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివి, అచటనే బోధించి, పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యుత్ ఇంజనీరింగు అభ్యసించిరి. తిరిగివచ్చి హోమీ భాభాగారి అణుశక్తి కృషిలో ఎలక్ట్రానిక్సు బాధ్యతను వహించిరి. 1956 ఆగస్టు 4వ తేదీన ట్రాంబేలో పనిచేయ మొదలిడిన అప్సర రియాక్టరుకు నియంత్రణ పరికరములను ఆయన విభాగమువారే నిర్మించిరి.

అప్సరను గూర్చి ఒక మాట. అది కోనేటి రియాక్టరు. లోతైన నీటి తొట్టిలో యురేనియము ఇంధనమును ముంచి యుంచిరి. ఆ నీరు న్యూట్రానుల వేగమును తగ్గించును, వికిరణమునకు అడ్డుగోడ యగును, వేడిని మోసికొని పోవును. దాని గరిష్ఠ శక్తి పది లక్షల వాట్లు. ఎనియాక్ వంటి యంత్రములు ఏడింటి వేడికంటె ఇది తక్కువయే! గాలికి బదులు నీటిని నమ్మినచో ఎంతటి వేడియైనను ఎట్లు నిశ్శబ్దముగా లొంగునో అప్సర తొట్టి చెప్పకయే చెప్పుచుండెను. ధాన్యపు మర తొట్టిని ఎరిగిన డెల్టావాసికి ఈ సంగతి కొత్త కాదు.

1967 ఏప్రిలులో హైదరాబాదున భారత ఎలక్ట్రానిక్సు సంస్థ, అనగా ఇ.సి.ఐ.ఎల్., ఏర్పడినపుడు రావుగారే దానికి సారథ్యము వహించిరి. 1969లో ట్రాంబే డిజిటల్ కంప్యూటరు 12 అను యంత్రము వెలువడెను. మన దేశముననే రూపొందించి, మన దేశముననే నిర్మించి, అమ్మకమునకు పెట్టిన తొలి కంప్యూటరు వరుస అది. 12 అనగా దాని మాట పొడవు పన్నెండు బిట్లు. రెండును పన్నెండుసార్లు హెచ్చవేసిన 4,096 వచ్చును గనుక, సున్న మొదలు 4,095 వరకు గల అంకెలను ఒక్క మాటలో అది పట్టగలదు. విద్యార్థులు ఈ లెక్కను తాము చేసి చూచుకొనవచ్చును. నాటికి వాల్వు పోయి ట్రాన్సిస్టరు వచ్చినది. ట్రాన్సిస్టరుకు కాలు తీగ లేదు. ఎనియాక్ నిండించిన మందిరము స్థానమున బీరువా చాలెను. విదేశీ ద్రవ్యము కరవైన ఆ రోజులలో గణనయంత్రమును దిగుమతి చేసికొనుట సామాన్యమైన పని కాదు. చెడిపోయినచో బాగుచేయుటకును విదేశీయుల కొరకు ఎదురు చూడవలసి వచ్చెడిది. డెల్టా పల్లెలో పుట్టిన మనిషి నాయకత్వమున ఆ చెర కొంత వదలెను. ఇ.సి.ఐ.ఎల్. చేరువనున్న ఎ.ఎస్.రావు నగరమునకు ఆ పేరు ఎవరిదో ఎరుగక నిత్యము బస్సు దిగువారు వేలకొలది కలరు.

ట్రాన్సిస్టరు వేడిని తగ్గించినది నిజమే. కాని తగ్గిన చోటును మనిషి ఊరక యుండనీయడు. అదే స్థలమున పదింతలు, నూరింతలు ట్రాన్సిస్టరులను కుక్కుట మొదలిడెను. 1960లు ముగియుసరికి ఐ.బి.ఎం. సంస్థవారి 360 వరుసలో 91వ నమూనాకు గాలి ఒక్కటియే చాలలేదు. గాలి దారిలో చన్నీటి గొట్టములను పెట్టి చల్లబరచిరి. 1980లో అదే సంస్థ ప్రకటించిన 3081 యంత్రమున పద్ధతి మరింత సూక్ష్మము. నూరు, అంతకు పైబడిన సిలికాను చిప్పులను ఒక పెట్టెలో కూర్చి, ఒక్కొక్క చిప్పు వీపుపై స్ప్రింగుతో నొక్కు చిన్న లోహపు ముషలకము నుంచి, సందులను హీలియము వాయువుతో నింపి, పెట్టె మూతపై నీరు పారించిరి. హీలియము గాలికంటె ఆరు రెట్లు బాగుగ వేడిని మోయును. 1976 నాటి క్రే-1 యంత్రము చుట్టును మెత్తని ఆసనములుండెను. విద్యుత్తునందించు పరికరములను వానిక్రింద దాచిరి. గణనయంత్రము మరల కూర్చుండు సామాను రూపమెత్తినదన్నమాట! 1985 నాటి క్రే-2లో సర్క్యూటులనే విద్యుత్తును ప్రసరింపనీయని ఒక ద్రవములో నిలువున ముంచిరి.

ఇది పెద్దవారి సంగతి. బల్లమీది చిన్న యంత్రము కథ వేరు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 అను మైక్రోప్రాసెసరున 2,300 ట్రాన్సిస్టరులుండెను. అది పుట్టించు వేడి ఒక వాటుకు మించదు. 1976లో ఆపిల్-1 అను కంప్యూటరును పెట్టె లేకుండ వట్టి పలకగా అమ్మిరి. కొన్నవారిలో కొందరు తమకు నచ్చిన కొయ్యతో పెట్టెలు చేయించుకొనిరి. చల్లని యంత్రము గనుక కొయ్య మరల పనికివచ్చెను. హోలెరిత్ బల్ల నాటి పొత్తు కొంతకాలము తిరిగివచ్చినట్లయ్యెను.

ఆ సుఖము ముప్పది యేండ్లు నిలువలేదు. 2004 నాటి పెంటియము 4 చిప్పులలో కొన్ని 115 వాట్ల వేడిని పుట్టించెను. ఆ చిప్పు వైశాల్యము చదరపు సెంటీమీటరుకు కొంచె మెక్కువ. అనగా చదరపు సెంటీమీటరుకు సుమారు నూరు వాట్లు. పోల్చుటకు మన యింటి వేయి వాట్ల విద్యుత్ పొయ్యిని తీసికొందము. పళ్ళెము వ్యాసము 18 సెంటీమీటర్లైనచో దాని వైశాల్యము 254 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు నాలుగు వాట్లు మాత్రమే. గోరంత చిప్పు అన్నము వండు పొయ్యికంటె ఇరువదియైదు రెట్లు తీవ్రముగా కాలుచున్నదన్నమాట. దానిపై బిగించిన పంకాలు తేనెటీగల పట్టువలె రొద చేయసాగెను.

1990ల చివర కొందరు ఔత్సాహికులు ఈ రొద సహింపలేక, పెద్ద యంత్రముల విద్యను ఇంటికి దించిరి. చేపల తొట్టి పంపును, కారులోపల వెచ్చదనమునకు వాడు చిన్న రేడియేటరును తెచ్చి, రాగి దిమ్మెను తొలిచి, చిప్పుపై బిగించిరి. ఇది పరిశోధనాలయములలో పుట్టినది కాదు. పాతసామానుల అంగడిలో పుట్టినది. పిమ్మట అంగళ్ళలో ఆ పరికరములే సిద్ధముగా దొరకజొచ్చెను. గొట్టములు, రేడియేటరు, నీటిబుడ్డి, పంపు అన్నియు పెట్టెలో పట్టకపోవుటచే, విశాలమైన బల్లయే పెట్టెగా మారెను.

నీటి శక్తి యెంతటిదో ఒక లెక్కతో తేలును. బల్లలోని యంత్రము 400 వాట్ల వేడిని పుట్టించుచున్నదనుకొందము. బొమ్మలను గీయు చిప్పు ఒక్కటియే 450 వాట్లు మ్రింగు యంత్రములు 2022 నుండి కలవు గనుక ఇది ఎక్కువ కాదు. నిమిషమునకు ఒక లీటరు నీరు పారినచో, ఆ నీరు ఆరు డిగ్రీలకు లోపుగా వేడెక్కి మొత్తము వేడిని మోసికొనిపోవును. అంతే వేడిని, అంతే డిగ్రీల పెరుగుదలతో గాలి మోయవలెనన్న నిమిషమునకు సుమారు 3,500 లీటర్లు కావలెను. ఒక చెంబెడు నీటికి బదులు ఒక గదిలోని గాలిలో మంచి భాగమును తోలవలెను! అయితే నీరు వేడిని మ్రింగివేయదు. మోసి తెచ్చి రేడియేటరు వద్ద దించును. అచట దానిని తీసికొనవలసినది మరల గాలియే. అందుచే పంకాలు పూర్తిగా పోవు. విశాలమైన రేడియేటరుపై పెద్ద పంకాలు మెల్లగా తిరిగిన చాలును, రొద తగ్గును. బల్లను అద్దముతో నలువైపుల మూసి, రేడియేటరును కూడ లోపలనే పెట్టు పద్ధతి కొన్నిచోట్ల కనబడుచున్నది. ఇది నాకు తెలివితక్కువగా తోచుచున్నది. వేడిని లోపలనుండి లోపలికే మోయించినట్లగును.

ఇక రాజమహేంద్రవరమున ఒక యువకుడు అట్టి బల్ల కట్టదలచెననుకొందము. కొయ్యకు అతడు దూరము పోనక్కరలేదు. ఏజెన్సీ అడవులలో కొట్టిన కలప పూర్వము పాపికొండల నడుమనుండి గోదావరి ప్రవాహముమీద తెప్పలుగా దిగివచ్చెడిది. పచ్చి టేకు నీటిలో సులభముగా తేలదు గనుక, వెదురుతో కలిపి కట్టుట, లేదా నిలిచియున్న చెట్టుకే చుట్టును బెరడు చెక్కి ఎండనిచ్చి పిమ్మట కొట్టుట కలపవారి ఉపాయము. కోనసీమ మండువా లోగిళ్ళ స్తంభములను, ద్వారబంధములను చూచినవారికి టేకు తరముల తరబడి నిలుచునని వేరుగా చెప్పనక్కరలేదు. దానిలోని సహజమైన తైలము చెదలను రానీయదు, చెమ్మను అంతగా పీల్చనీయదు.

అంతగా పీల్చదనుటయే గాని, బొత్తిగా పీల్చదని కాదు. కొయ్యలోని తేమ నూటికి ఆరు వంతులు పెరిగినచో అరువది సెంటీమీటర్ల వెడల్పుగల టేకు పలక, కోసిన తీరును బట్టి, నాలుగు నుండి ఏడు మిల్లీమీటర్ల వరకు సాగును. తక్కిన జాతుల కొయ్యలలో పెక్కు ఇంతకంటె ఎక్కువ సాగును. వేసవిలో బిగించిన గట్టి గొట్టము ఆషాఢమున అతుకు వద్ద వదలిపోవుటకు ఇది చాలును. ఆ నీరు కారునది విద్యుత్తు పారుచున్న పలకమీదికి! అందుచే ఎరిగినవారు కొయ్యకు మరల పట్టు రంధ్రమును గుండ్రముగా గాక కోలగా తొలుతురు. గొట్టములను కొయ్యకు గాక లోపల వేరుగా నిలిపిన లోహపు చట్రమునకు బిగింతురు. నీటిబుడ్డిని, పంపును విద్యుత్ పరికరములకంటె దిగువన పెట్టుదురు. మన వడ్రంగులు తలుపు రెక్కలలోని పలకలను జిగురుతో అంటింపక గాడిలో వదులుగా నిలుపుట ఈ సూత్రము ననుసరించియే.

నీటి విషయమున మరియొక జాగ్రత్త. సముద్రతీరపు తాలూకాలలో బావినీరు ఉప్పన. లోతట్టున పెక్కుచోట్ల సున్నము పాలు ఎక్కువ. అట్టి నీరు రాగి దిమ్మెలోని వెండ్రుకవాసి కాలువలను పూడ్చివేయును. స్వేదన జలమే వాడవలెను. రాగి దిమ్మెను, అల్యూమినియపు రేడియేటరును ఒకే నీటిలో కలిపినచో ఏమగునో ఉన్నత పాఠశాల విద్యార్థి చెప్పగలడు. రెండు లోహములు, నడుమ లవణజలము; వోల్టా ఘటము సిద్ధమైనట్లే. అల్యూమినియము మెల్లగా కరగి, ఒకనాడు చిల్లి పడును. తరగతిలో నిమ్మపండుతో చేసి చూపు ప్రయోగమునకు ఇంతకంటె ఖరీదైన నిదర్శనము దొరకదు.

అన్నిటికంటె చిక్కైనది చల్లదనపు హద్దు. మంచుపెట్టె యంత్రముతో నీటిని బాగుగ చల్లార్చి పంపినచో మరింత మేలుగదా యని తోచును. మట్టికుండ నీరు ఎండకాలమున చల్లబడి, వానకాలమున అంతగా చల్లబడకపోవుటకు కారణమేమో తలచుకొన్నచో ఇందలి ప్రమాదము తెలియును. వానకాలమున డెల్టా గాలి నీటియావిరితో నిండియుండును. 32 డిగ్రీల వేడిలో గాలి నూటికి ఎనుబది వంతులు తేమతో నిండియున్నచో, 28 డిగ్రీలకు దిగిన ఏ వస్తువుమీదనైనను ఆవిరి బిందువులుగా దిగును. చన్నీటి చెంబు వెలుపల చెమర్చుట ఇదియే. గొట్టము చెమర్చినచో ఆ చెమట కొయ్యను నానబెట్టును, విద్యుత్ పలకను చెరచును. రేడియేటరు మాత్రమే గల బల్లలో ఈ భయము లేదు. గాలి వేడికంటె నీరు చల్లబడజాలదు గనుక. రాజమహేంద్రవరమున మే నెలలో నీడలోనే 45 డిగ్రీలు తాకుట కద్దు. అప్పుడు గొట్టములలోని నీరు 55 డిగ్రీలైనను కావచ్చును. చిప్పు నూరు డిగ్రీలకు చేరువ వరకు ఓర్చుకొనును గనుక అపాయము లేదు.

చల్లని నీరే కావలెనను పట్టుదలను పెద్ద యంత్రములవారును వదలుకొనిరి. 2012లో జర్మనీలో మ్యూనిక్ నగరమునకు చేరువ లైబ్నిజ్ కేంద్రమువారు నెలకొల్పిన సూపర్‌మక్ యంత్రమునకు 45 డిగ్రీల వరకు వేడిగల నీటినే పంపిరి. బయటకు వచ్చు మరింత వేడినీటితో చలికాలమున తమ భవనములను వెచ్చబరచుకొనిరి. నీటిని ముందుగా మంచువలె చల్లార్చు యంత్రములు తప్పినందున విద్యుత్తు మిగిలెను. 2025 అక్టోబరులో విశాఖపట్టణమున భారీ కంప్యూటరు కేంద్రమును నిర్మింతుమని గూగుల్ సంస్థ ప్రకటించినపుడు, దాని వేడిని ఏ నీరు మోయునను ప్రశ్న మన తీరమునకును వచ్చినది. ఉష్ణదేశమున ఇట్టి యంత్రములు నిలువవని పూర్వము వాదించినవారు కలరు. నడివేసవిలో రాజమహేంద్రవరము రేవున దిగి చూచినను గోదావరి నీరు 45 డిగ్రీల వేడికి రాదు. అంత గోరువెచ్చని నీరు పారు గొట్టముపై శ్రావణమాసపు గాలి సహితము ఒక్క చెమటబొట్టును నిలుపజాలదు.